కాలువ గట్టున కాఫీ చెట్లు

కాఫీ చెట్లు పీకించేస్తానని మా బామ్మర్ది ఫోన్ చేసినప్పుడు నేను వద్దనలేదు. కంకిపాడు దాటాక కాలువ గట్టును ఆనుకుని మా ఆవిడకు పుట్టింటి వాటాగా వచ్చిన మెరక చెక్క అది. కొబ్బరి చెట్లున్న కొద్దిపాటి నేల. దాని చుట్టూ ఉన్న పొలమంతా ఆమె తమ్ముడిదే. ఆ కొబ్బరి నీడలో మా ఆవిడ వేసిన కాఫీ మొక్కలు మనిషెత్తు పెరిగాయి కానీ ఏనాడూ ఒక్క పువ్వు పూయలేదు. ఆమె పోయిన తర్వాత వచ్చిన మొదటి చలికాలం చివర్లో వచ్చింది ఆ ఫోను.

"అరటి వేసుకుంటా బావగారూ. ఊరికే ఏపుగా పెరుగుతున్నాయి తప్ప వాటివల్ల ఏవుంది చెప్పండి. శివరాత్రి వెళ్ళాక మనుషుల్ని పెట్టి తీయిస్తా. మీరోసారి రండి."

"నేనెందుకోయ్. తీయించేయ్."

"అట్లా కాదు. అక్క చేత్తో పెట్టినవి. మీరు లేకుండా నేను గునపం వేయించను."

సరే, వస్తానన్నాను. వద్దనడానికి నా దగ్గర కారణం లేదు. కాఫీ సంగతి తెలిసిన మనిషి మా ఇంట్లో ఆమె ఒక్కతే.

నేను పనిచేసింది పత్రికాఫీసులో, రాత్రి డెస్కులో. సాయంత్రం వెళ్ళేవాణ్ణి, పేజీలు పంపించి తెల్లవారుతుండగా ఇంటికి చేరేవాణ్ణి. ఆమె బడిలో టీచరు. నేను వచ్చేసరికి లేచి డికాక్షన్ దించి ఉంచేది. అది ఆమెకు ఆ రోజు మొదటి కాఫీ, నాకు చివరిది. వంటింట్లో గట్టుకు ఆనుకుని నిలబడి ఇద్దరం తాగేవాళ్ళం. గ్యాస్ అయిపోవచ్చింది, పంపు కారుతోంది, ఫలానా వాళ్ళింట్లో పెళ్ళి. అలాంటి మాటలే. తర్వాత నేను పడుకునేవాణ్ణి, ఆమె బడికి వెళ్ళేది. మాకు పిల్లలు లేరు. ఉద్యోగాలు చేసినన్నాళ్ళూ మేమిద్దరం ఒకే చోట మెలకువగా ఉన్నది ఎక్కువగా ఆ కాఫీ వేళే.

గింజలు వన్‌టౌన్‌లో ఒక కొట్లో తనే ఏరి, కొట్టువాడి చేత వేయించి, ఆడించి తెచ్చుకునేది. మొదటి గుక్కలోనే చెప్పేసేది. "ఈసారి మాడ్చాడు." "చికోరీ ఎక్కువ కలిపాడు, చూశావా?" నేను చూసేవాణ్ణి కాదు. తాగేవాణ్ణి, అంతే. బాగుందనీ లేదనీ ఎప్పుడూ అన్నట్టు గుర్తులేదు. అడిగితే "బానే ఉందిగా" అనేవాణ్ణి.

ఇద్దరం రిటైరయ్యాక అరకు వెళ్ళాం. అక్కడ తోటలో ఎర్రటి కాఫీ పళ్ళను చూసి ఆమె చిన్నపిల్లలా సంబరపడింది. తిరిగొచ్చే రైల్లో కిటికీలోంచి చూస్తూ, "మన చెట్టు గింజ మనమే వేయించుకుని తాగాలి. ఒక్కసారైనా," అంది. కాఫీకి కొండలు కావాలి కదా అన్నాను. కడియం నర్సరీలో అడిగింది. వేడికి తట్టుకునే రకం ఒకటుందని, నీడలో బతుకుతుందని, కాయడం మాత్రం తమ పూచీ కాదని వాళ్ళు మొక్కలిచ్చారు.

మొక్కలు బతికాయి. బతకడమేమిటి, ఆకులు నూనె రాసినట్టు మెరిసేవి. కాలువలో నీళ్ళుండగా మొక్కను ఎండనివ్వడం మా వైపు ఎవరికీ చేతకాదు. గట్టు మీద సైకిల్ తొక్కుకుంటూ పోయే మనిషి కూడా ఆగి, "ఏవండీ, ఆ మొక్క వాడింది, చూసుకోరా?" అని మందలించి పోతాడు. మా ఆవిడ విజయవాడ నుంచి రోజూ తమ్ముడికి ఫోన్ చేసేది. "తడి పెట్టావా?" పెట్టాననేవాడు. "మళ్ళీ పెట్టు" అనేది. నాలుగో ఏడు పూస్తుందన్నారు. పూయలేదు. అయిదో ఏడూ పూయలేదు.

"ఆకులు కాచుకు తాగుదాం అక్కా. గ్రీన్ టీ అంటారు, సిటీలో ఎగబడి తాగుతున్నారంట," అనేవాడు వాడు.

"నోర్ముయ్. నువ్వు సరిగ్గా నీళ్ళు పెట్టట్లా. అందుకే పూయట్లా."

వాడు ఇంకాస్త ఎక్కువ పెట్టేవాడు.

తర్వాత ఆమెకు జబ్బు చేసింది. ఆస్పత్రికీ ఇంటికీ మధ్య ఒక ఎండాకాలం గడిచింది. వానాకాలంలో పోయింది. ఆ చలికాలమంతా నేను కంకిపాడు వైపు వెళ్ళలేదు. మా బామ్మర్ది కూడా, ఎలాగూ తీసేసే చెట్లే కదా అని నీళ్ళు పెట్టడం మానేశాడు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

శివరాత్రికి ముందు వాన పడింది. 'అకాల వర్షం, అపార నష్టం' అని డెస్కులో ఏడాదికోసారైనా శీర్షిక పెట్టిన వాణ్ణి. ఇప్పుడు అదే శీర్షికను ఇంట్లో కూర్చుని పేపర్లో చదివాను. కళ్ళంలో మినుములు తడిసి మొలకలొచ్చాయని మా బామ్మర్ది ఫోన్లో తిట్టుకున్నాడు. ఎవరిని తిడుతున్నాడో వాడికే తెలియదు.

పండగ వెళ్ళాక ఒక ఉదయం బస్సెక్కాను. కంకిపాడులో దిగి, ఆటోలో కాలువ దాకా వెళ్ళి, గట్టు మీద నడుస్తున్నాను. కొబ్బరి చెట్లు కనబడకముందే వాసన వచ్చింది. మల్లెపూల వాసన, మల్లెల కంటే కొంచెం పలుచన. ఎవరో పెళ్ళికి పూలబుట్టలు తీసుకుపోతున్నారనుకున్నాను. గట్టు దిగి చూస్తే కాఫీ కొమ్మలు కొసల దాకా తెల్లగా ఉన్నాయి. ఆకు కింద, ఆకు పైన, కణుపు కణుపునా పువ్వులు గుత్తులుగా అతుక్కుని ఉన్నాయి. తేనెటీగల రొద. కొబ్బరి మొదట్లో కూలీలు గునపాలు పక్కన పెట్టుకుని చుట్టలు కాలుస్తున్నారు. మా బామ్మర్ది నడుం మీద చేతులు పెట్టుకుని చెట్లకేసి చూస్తున్నాడు.

"ఏంటోయ్ ఇది?"

"నన్నడుగుతారేంటి బావగారూ! మొన్న చూస్తే కొమ్మల నిండా బియ్యపు గింజల్లా ఏవో పొడుచుకొచ్చాయి. పురుగు గుడ్లు పెట్టిందనుకున్నా. ఎటూ తీసేసేవేగా అని మందు కూడా కొట్టలా."

కూలీల్లో పెద్దవాడు చుట్ట ఆర్పుతూ, "తియ్యమంటారా, దండలు కట్టమంటారా? ఏదోటి చెప్పండి," అన్నాడు.

"ఉండండ్రా బాబూ. ఈ పూటకి కొబ్బరికి పాదులు చెయ్యండి."

"చెట్లు పీకమని పిలిచి పాదులు చెయ్యమంటాడు. బాగుందయ్యా నీ యవ్వారం," అనుకుంటూ లేచారు.

మేమిద్దరం గట్టు మీద కూర్చున్నాం. వాడే అన్నాడు. "కాపు చూసి తీద్దాం బావగారూ. ఈ చెట్ల కాఫీ తాగాలనుకుంది కదా అక్క. ఒక్కసారి అది మీరు తాగండి. తాగాక తీసేస్తా. ఏవంటారు?"

నేను తలూపాను. ఒక్క కాపు, ఒక్క కాఫీ. ఆ తర్వాత ఆ నేలలో అరటి.

ఇన్నేళ్ళూ పూయనివి ఇప్పుడెందుకు పూశాయో తెలుసుకోవాలనిపించింది. పాడేరు నుంచి మా పత్రికకు వార్తలు పంపిన పాత విలేకరి ఒకాయన ఉన్నాడు. ఫోన్ చేస్తే, తోటల వాళ్ళను కనుక్కుని మర్నాడు చెప్పాడు. "దానికి చలికాలంలో దాహం వేయాలంటండీ. బాగా ఎండగట్టాక, ఆకులు వాలిపోయాక, ఒక్క వాన పడాలట. అప్పుడు పూస్తుందట. మీవాళ్ళు ఏడాది పొడుగునా నీళ్ళలో నానబెట్టి ఉంటారు."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు బాల్కనీలో నిలబడ్డాను. మా ఇల్లు ఆటోనగర్‌కు దగ్గర. రేకులు సుత్తులతో కొడుతున్న చప్పుడు ఎప్పటిలాగే వస్తోంది. ఆమె ఉన్నంతకాలం ఆ చెట్లకు దాహం వేయడం జరిగే పని కాదు. ఆమె చూసుకున్నన్నాళ్ళూ అవి పూసేవి కావు. ఈ మాట ఎవరితోనైనా అనాలనిపించింది. అనడానికి బామ్మర్దే ఉన్నాడు. ఫోన్ చేసి చెప్పాను.

"అంటే అక్క రోజూ ఫోన్ చేసి..." అని ఆగిపోయాడు.

"అంతేనోయ్."

"అక్కకెప్పుడూ చెప్పకండి," అన్నాడు. అన్నాక, ఏమన్నాడో తెలిసి ఫోన్ పెట్టేశాడు.

పువ్వు మూడు నాలుగు రోజుల్లో రాలిపోయింది. పిందెలు ఆవగింజంత నుంచి బఠాణీ అంత కావడానికి ఎండలూ వానలూ గడిచాయి. కాలువ కట్టేసిన నెలల్లో వాడే బోరు నీళ్ళు పెట్టి కాపాడాడు. నేను వారానికోసారి వెళ్ళి చూసి వచ్చేవాణ్ణి. చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. ఆకుపచ్చ కాయలు అంతకు ముందు వారం ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి. బస్సులో వెళ్ళడం, ఒక గంట కూర్చోవడం, మళ్ళీ బస్సులో రావడం. ఇంటికి వచ్చి తలుపు తాళం తీస్తుంటే మాత్రం, పొద్దున్న ఎలా వదిలి వెళ్ళానో లోపల అన్నీ అలాగే ఉంటాయి కదా అనిపించేది.

చలి ముదిరాక కాయలు రంగు తిరిగాయి. అన్నీ ఒక్కసారి కాదు. ఒక గుత్తిలో రెండు ఎరుపు, నాలుగు పసుపు, మిగతావి పచ్చివి. ఎర్రబడినవే కోయాలని పాడేరాయన చెప్పాడు.

"ఒక చేను కోత ఒక్కరోజులో అయిపోవాలి బావగారూ. రోజూ వచ్చి గుప్పెడు కాయలు కోస్తే దాన్ని కోతంటారా? శివపూజకి పూలు కోసినట్టుంది," అని వాడు నవ్వాడు. నవ్వి, బుట్ట తెచ్చి నాతోపాటు కోశాడు.

మొదటి కోత సగం బుట్ట అయింది. ఆ వేళ నేను విజయవాడ త్వరగా వెళ్ళాల్సి వచ్చి, కాయల్ని వాళ్ళింట్లోనే పెట్టి, మర్నాడు వస్తానన్నాను. మర్నాడు వెళ్ళేసరికి మా బామ్మర్ది భార్య వాకిట్లో ఎదురొచ్చింది.

"అన్నయ్యగారూ, మీకు శ్రమ తప్పించేశా. ఉడకబెట్టి ఎండలో పోశాను."

"ఉడకబెట్టావా?"

"పసుపైనా అంతే కదండీ. ఉడకబెట్టకుండా ఎండబెడితే లోపల పచ్చి ఉండిపోతుంది, పురుగు పడుతుంది." నా మొహం చూసి ఆమె మాట తగ్గింది. "ఇది... ఉడకబెట్టకూడదాండీ?"

పసుపు పండించే లంక ఊళ్ళోంచి వచ్చిన పిల్ల. నేల కింద కాసిందో నేల పైన కాసిందో, ఎండబెట్టే ముందు ఉడకబెట్టాలని పుట్టినప్పటి నుంచీ చూసింది. చాప మీద కాయలు నల్లగా ముడుచుకుని ఉన్నాయి. ఒకటి నొక్కితే గింజ పిండిలా వచ్చింది.

"ఆ ఉడికించిన నీళ్ళున్నాయా, పారబోశావా?" అన్నాడు మా బామ్మర్ది. "ఉంటే గ్లాసుల్లో పొయ్యి. తాగేస్తాం. కాఫీ అయిపోయింది, రేపే అరటి వేసేద్దాం."

"ఊరుకోండి మీరు!" అంది ఆమె. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వదినగారి కాయలు పాడు చేశాను."

"ఇంకా కాయలున్నాయిలే అమ్మా," అన్నాను. ఉన్నవి తక్కువే. అవి కూడా పోతే ఇక లేనట్టే.

మిగతా కోతలు మేం ముగ్గురం కలిసి కోసి, సంచిలో పోసి నేనే విజయవాడ తెచ్చుకున్నాను. మా అపార్టుమెంటు డాబా మీద బకెట్ నీళ్ళలో వేస్తే తాలు కాయలు పైకి తేలాయి. వాటిని తీసేసి, మునిగినవాటిని ఒక్కొక్కటే వేళ్ళతో పిండాను. పలుచటి తియ్యటి జిగురుతో రెండు గింజలు జారి పడతాయి. చేతులకు బెల్లప్పాకం లాంటి వాసన. బట్టలు ఆరేయడానికి వచ్చిన పక్క ఫ్లాటు అమ్మాయి వంగి చూసింది.

"ఏంటండీ అంకుల్, వాక్కాయలా?"

"కాఫీ అమ్మా."

"కాఫీయా? కాఫీ పొడి కదండీ!" అని నవ్వి, "మీరిట్లా ఏదోటి పెట్టుకుంటే మంచిదే అంకుల్, టైం పాస్ అవుతుంది," అని వెళ్ళిపోయింది.

పిండిన గింజల్ని ఒక రాత్రి బకెట్లో మూతపెట్టి ఉంచి, పొద్దున్నే నీళ్ళు పోసి అరచేతులతో రుద్దాను. మొదట చేపల్లా జారాయి. నీళ్ళు మార్చి మార్చి రుద్దగా, ఇసుకను పట్టుకున్నట్టు గరగరలాడాయి. జిగురు పోయిందన్నమాట. డాబా మీద చాప పరిచి ఎండబోశాను. పావురాలు వాలకుండా పక్కనే కూర్చోవాలి. మధ్యమధ్య చేత్తో కలియతిప్పాలి. పొద్దు వాలగానే ఎత్తాలి, లేకపోతే మంచు పడుతుంది. ఎత్తినవాటిని ఎక్కడ పరచాలన్నది సమస్య అయింది. కుప్పగా పోస్తే బూజు పడుతుంది. హాలు ఇరుకు. చివరికి మా ఆవిడ మంచం మీద పాత దుప్పటి పరిచి, పలుచగా పోసి, ఫ్యాన్ వేశాను. ఆ మంచం ఎవరూ వాడక ఏడాది దాటింది. పొద్దున్నే వాటిని డాబా మీదికి మోసుకుపోవడం, సాయంత్రం మంచం మీదికి తేవడం. గింజ పంటి కింద టక్కున విరిగేదాకా ఇదే పని.

ఎండిన గింజల సంచితో మళ్ళీ బస్సెక్కాను. ఆమె వాడిన స్టీలు ఫిల్టరు కూడా తీసుకున్నాను. పై పొట్టు తీయడానికి రోట్లో వేసి, మా బామ్మర్ది భార్య పైపైన దంచింది. ఈసారి ప్రతిదీ అడుగుతోంది.

"ఇంకొక్క పోటు వేయనా అన్నయ్యగారూ? ఆపేయనా? చెప్పండి, నేను నా ఇష్టమొచ్చినట్టు ఏం చెయ్యను."

చేటతో చెరిగితే కాగితం లాంటి పొట్టు ఎగిరిపోయి, బూడిద రంగు గింజలు మిగిలాయి. వాసన పచ్చి పెసల వాసన. పుల్లల పొయ్యి మీద ఇనుప మూకుడు పెట్టి, సన్నటి మంట మీద ఆమె గరిటెతో తిప్పుతూ కూర్చుంది. పసుపు రంగుకు వచ్చాయి. తర్వాత వేరుసెనగ పలుకుల రంగు. పొగ లేచింది. అప్పుడు మూకుట్లో చిటపటమని చప్పుడు మొదలైంది.

"పేలుతున్నాయి, దించెయ్యనా?" అందామె.

"ఇంకాస్త ఉండాలేమో," అన్నాను. ఎంతసేపు ఉండాలో నాకు తెలియదు. రంగు చూసి చెప్పే మనిషిని నేను కాదు.

"ఏమో ఏంటి బావగారూ? చివర్లో తుస్సుమనిపించకండి," అన్నాడు మా బామ్మర్ది. వాడూ మూకుట్లోకే చూస్తున్నాడు. కొన్ని గింజలు నల్లబడుతున్నాయి, కొన్ని ఇంకా గోధుమరంగులోనే ఉన్నాయి. ఇక ఆగలేక దించమన్నాను. చేటలో పోసి చల్లారేలా విసనకర్రతో విసిరాం. ఒకరోజు ఆగాక పొడి చేస్తే మంచిదని పాడేరాయన చెప్పాడు కానీ ఎవరికీ ఆగే ఓపిక లేదు. చల్లారగానే మిక్సీలో వేసి, ఫిల్టర్లో నింపి, వేణ్ణీళ్ళు పోశాం.

డికాక్షన్ చిక్కగా దిగింది. పాలు కలిపి మూడు గ్లాసుల్లో పోసింది. గేదె పాలు. ఇద్దరూ ముందు నేను తాగాలని చూస్తున్నారు.

తాగాను. చేదుగా ఉంది. కొంచెం మాడు వాసన, దాని వెనక మట్టి లాంటి రుచి ఒకటి. రెండో గుక్క తాగాను. ఇది మంచి కాఫీయో కాదో నాకు తెలియడం లేదు. ఇన్నేళ్ళు రోజూ తాగాను కానీ, ఏది బాగుందో ఏది లేదో ఆమె చెబుతుంటే విన్నానంతే. వేయించింది ఎక్కువైందా, తక్కువైందా? నీళ్ళలో తప్పుందా? ఆమె ఒక్క గుక్కలో చెప్పేది. ఆమె చెప్పాల్సిన మాట చెప్పడానికి ఇప్పుడెవరూ లేరు. ఆ గ్లాసు పట్టుకుని కూర్చున్నప్పుడు అర్థమైనంతగా, అంతకు ముందు ఇంట్లో ఒంటరిగా ఉన్న ఏ రోజూ నాకది అర్థం కాలేదు.

"ఎట్లా ఉందండీ?" అందామె భయంగా.

"బానే ఉందమ్మా," అన్నాను.

మా బామ్మర్ది సగం తాగి గ్లాసు కింద పెట్టాడు. "నిజం చెప్పమంటారా? చింతగింజలు మాడ్చి పొడి చేసినట్టుంది." పెళ్ళాం కళ్ళెర్రజేస్తే, "చెప్పమన్నారు, చెప్పా," అని మిగతాది కూడా తాగేశాడు.

సాయంత్రం బస్సుకు బయల్దేరుతూ ఇద్దరం తోట మీదుగా నడిచాం. కోత మొదలైనప్పటి నుంచీ నీళ్ళు పెట్టవద్దని నేనే చెప్పాను. ఎందుకు చెప్పానో నాకూ స్పష్టంగా తెలియదు. తీసేసే చెట్లకు నీళ్ళెందుకు అని కావచ్చు. ఆకులు వాడి కిందికి వేలాడుతున్నాయి. అనుకున్నట్టే కాఫీ తాగడమైంది. ఇక వాడు మనుషుల్ని ఎప్పుడు పెడతానంటాడో అని చూస్తున్నాను.

"ఒక్క తడి పెట్టనా బావగారూ?" అన్నాడు.

నేను ఆగాను. "అరటి వేస్తానన్నావు కదా?"

"వేస్తాలెండి. అరటి ఎక్కడికి పోతుంది?" చెట్లకేసే చూస్తున్నాడు. "గట్టు మీద పోయేవాళ్ళంతా అడుగుతున్నారు. మీ అక్క పోయిందని ఆమె మొక్కల్ని ఎండగట్టి చంపుతున్నావా అని. ఏం చెప్పను?"

"మా బావ వద్దన్నాడని చెప్పు."

"చెప్పా. పేపర్లో పనిచేసినాయనకి వ్యవసాయం ఏం తెలుసంటున్నారు."

"నిజమే కదా."

వాడు నవ్వలేదు. "చూడలేకపోతున్నా బావగారూ. కాలువలో నీళ్ళు పోతా ఉన్నాయి."

"ఇప్పుడు పెడితే పూయవోయ్."

"తెలుసు."

"వాన పడేదాకా ఆగుదాం. వచ్చే కాపుకైనా సరిగ్గా వేయించడం నేర్చుకోవాలి."

వాడు సరేనన్నట్టు తలూపి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, తల వంచుకుని ఇంటివైపు నడిచాడు.

మర్నాటి నుంచి నేను రోజూ వెళ్తున్నాను. కొబ్బరి చెట్ల మధ్య ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంటాను. అడిగేవాళ్ళు వాణ్ణి కాకుండా నన్ను అడుగుతారని. అడుగుతున్నారు. "ఏవండీ, నీళ్ళు పెట్టరేంటి?" పెట్టకూడదండీ అంటాను. అదోలా చూసి వెళ్ళిపోతారు. పేపర్లో వాన కబురేమీ లేదు. మిట్టమధ్యాహ్నం ఆకులు పూర్తిగా వాలిపోతాయి. ఎండ తగ్గాక, గాలి తిరిగాక, మెల్లగా కొంచెం పైకి లేస్తాయి. అవి లేచేదాకా ఉండి, అప్పుడు బస్సుకు బయల్దేరతాను.